రెండు జతల బూట్లు, ఒక పాదం



కిందటి సంక్రాంతి వెళ్ళిన తరువాత, మిరపకాయలు కళ్ళాలకు చేరుతున్న రోజులలో, మా నల్లపాడుకు చెందిన ఒక రైతు రెండు అట్టపెట్టెలు చంకన పెట్టుకొని నా ఇంటికి వచ్చారు. వయస్సు యాభై ఎనిమిది. చక్కెర వ్యాధి మొదలై పన్నెండేళ్ళు. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు పండుగకు వచ్చి, తండ్రి పొలంలో రబ్బరు చెప్పులతో తిరగడం చూడలేక, రెండు జతల తోలు బూట్లు కొనిచ్చి వెళ్ళాడట. ఒక జత చీలమండ పైదాకా లేసులు కట్టుకొనేది. రెండవది లేసులు లేక, పక్కల సాగే పట్టీతో, కాలు దూర్చి లాక్కొనేది. "డాక్టరుగారూ, వంగి తాళ్ళు కట్టుకోవడం నాకు బాధ. ఈ దూర్చుకొనేదే హాయిగా ఉంది. ఏది తొడుక్కోమంటారు?" అని అడిగారు.

ప్రశ్న చిన్నది. అయినా నేను వెంటనే బదులు చెప్పలేదు. దానికి కారణం ముప్పై అయిదేళ్ళనాటిది. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు, ఇటువంటి రైతే ఒకరు అరికాలి పుండుతో వచ్చారు. కట్టు కట్టి, మందులు వ్రాసి, "ఇకమీదట ఉత్త కాళ్ళతో నడవకండి, బూట్లు వేసుకోండి" అని పంపించాను. ఎటువంటి బూట్లో చెప్పలేదు. ఆయన నా మాట మన్నించి, పట్నం వెళ్ళి, ముందు భాగం సన్నగా మొనదేలిన, లేసులు లేని జత కొన్నారు. స్పర్శ లేని కాలికి అది ఒరుసుకుంటున్న సంగతి తెలియనేలేదు. రెండు నెలలకు తిరిగి వచ్చేసరికి చిటికెన వ్రేలు నల్లబడిపోయింది. దానిని తీసివేయక తప్పలేదు. ఆ తప్పు ఆయనది కాదు, చెప్పులవాడిదీ కాదు. నా నోట రాని ఒక్క వాక్యానిది.

అందుచేత ఈ వ్యాసంలో ఆ రెండు తరహాల బూట్లు ఎక్కడివో, ఎవరి కోసం పుట్టినవో, మన నల్లరేగడిలో వాటి గతి ఏమిటో కొంత వివరంగా మనవి చేస్తాను. చరిత్ర తెలిస్తే ఎంపిక సులువవుతుందని నా నమ్మకం.

ఈ రెండు తరహాలకూ పేర్లు పెట్టినది ఒకే యుద్ధంలో ఒకే పక్షాన పోరాడిన ఇద్దరు సేనాపతులు కావడం విచిత్రం. 1815 జూన్ 18న వాటర్లూ వద్ద నెపోలియన్‌ను ఓడించినవారు బ్రిటిషు సేనాని వెల్లింగ్టన్, ప్రష్యా సేనాని బ్లూషర్. వెల్లింగ్టన్ మనకు పూర్తిగా పరాయివాడు కాడు. ఆర్థర్ వెల్లెస్లీ అనే పేరుతో 1799లో టిప్పు సుల్తానుపై దండయాత్రలో హైదరాబాదు నిజాం సేనలతో కలిసి నడిచినవాడు, 1803లో దక్కనులోని అస్సాయె వద్ద మరాఠాలతో పోరాడినవాడు అతడే. ఆ కాలపు అధికారులు హెస్సియన్ బూట్లు తొడిగేవారు. మోకాలి దాకా ఎత్తు, ముందువైపు కుచ్చు వేలాడుతూ ఉండేది. పొడవు లాగులు వాడుకలోకి వచ్చాక ఆ కుచ్చు, ఆ నగిషీ అడ్డమైనాయి. 1817 ప్రాంతంలో వెల్లింగ్టన్ లండనులో తన బూట్లు కుట్టే హోబీ చేత కుచ్చు తీసివేయించి, మెత్తని దూడతోలుతో, కాలికి అంటుకొని ఉండేటట్లు కొత్త జత కుట్టించుకున్నాడు. లేసు లేదు, బొత్తాము లేదు. కాలు దూర్చి లాగడమే. గుర్రంమీద కూర్చొనేవానికి అది సరిగ్గా తగిన పాదరక్ష. రికాబులో చిక్కుకొనేందుకు తాళ్ళు లేవు. ఎక్కువదూరం నడిచే పని కూడా లేదు.

బ్లూషర్ కథ వేరు. వాటర్లూ నాటికి అతనికి డెబ్బై రెండేళ్ళు, ఇంచుమించు ఇప్పటి నా వయస్సు. (నేను మోకాలి నొప్పితో మేడ మెట్లు ఎక్కలేకపోతున్నాను. ఆయన రెండు రోజుల ముందు గుర్రం కింద నలిగి కూడా బురదలో సైన్యాన్ని నడిపించుకొని వచ్చాడు.) కాలినడకన పోయే సిపాయిల బూట్లు బాగులేవని, పక్క తోళ్ళు రెండూ తలుపు రెక్కలవలె విడిగా తెరుచుకొని, లేసుతో దగ్గరకు బిగించుకొనే పొట్టి బూటును అతడు ప్రోత్సహించాడని చెబుతారు. రెక్కలు విచ్చుకుంటాయి గనుక తడిసి ఉబ్బిన పాదమైనా లోనికి పోతుంది, ఎవరి కాలికి తగినట్లు వారు బిగించుకోవచ్చు. ఒకటి గుర్రపురౌతు బూటు, రెండవది కాలిబంటు బూటు. నా దృష్టిలో ఎంపికలోని సారమంతా ఈ ఒక్క భేదంలోనే ఉంది.

మా రైతుగారి రెండవ జత అచ్చంగా వెల్లింగ్టన్ బూటు కాదు. దాని తమ్ముడు. 1837లో విక్టోరియా రాణి కోసం స్పార్క్స్ హాల్ అనే బూట్లు కుట్టే అతడు పక్కలకు సాగే పట్టీలు పెట్టి ఒక జత తయారుచేశాడు. లాగి తొడగడం, లాగి విడవడం తేలికైంది. దానినే నేడు చెల్సీ బూటు అంటున్నారు. పుట్టుక చూస్తే అది రాణిగారి ఉద్యానవన విహారానికి పుట్టినది, మిరపచేలో నీరు కట్టడానికి కాదు.

ఇక వైద్యుల పాత్ర. బూటు గురించి వైద్యులకేమి పని అని మీకు అనిపించవచ్చు. 1781లోనే పీటర్ కాంపర్ అనే డచ్చి శరీరశాస్త్ర ఆచార్యుడు ఉత్తమమైన పాదరక్ష ఎలా ఉండాలన్న విషయం మీద ఏకంగా ఒక గ్రంథం వ్రాశాడు. ఆ రోజులలో కుడికాలి బూటు, ఎడమకాలి బూటు అనే భేదమే ఉండేది కాదు. రెండూ ఒకే చెక్క అచ్చు మీద నిటారుగా కుట్టేవారు, తొడగగా తొడగగా అవే కాలి ఆకారానికి వచ్చేవి, లేదా కాలే వాటి ఆకారానికి వచ్చేది. తరువాత జ్యూరిక్ నగరపు ఆచార్యుడు మేయర్ 1850లలో ఒక సంగతి నిరూపించాడు. ఆరోగ్యకరమైన పాదంలో బొటనవ్రేలి మధ్యగీతను వెనుకకు పొడిగిస్తే అది మడమ నడిబొడ్డుకు చేరాలి. మొనదేలిన బూటులో బొటనవ్రేలు లోపలికి వంగి ఆ గీత తప్పుతుంది. మీరు ఇప్పుడే ఒక కాగితంమీద పాదం పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి చూసుకోవచ్చు. ఆ గీత మీద మీ బూటు పెట్టండి. పాదపు గీత బూటు అంచు దాటి బయటికి కనబడితే ఆ బూటు మీది కాదు.

ఈ వరుసలో నాకు మిక్కిలి ఇష్టమైనవాడు అమెరికా సైనిక వైద్యుడు ఎడ్వర్డ్ మన్సన్. ఆయన ఆధ్వర్యంలోని సంఘం నాలుగేళ్ళపాటు దాదాపు రెండువేల మంది సిపాయిల పాదాలను పరీక్షించింది. 1912లో ఆ ఫలితాలను గ్రంథంగా ప్రకటించాడు. లోపలివైపు తిన్నగా, వ్రేళ్ళ వద్ద విశాలంగా ఉండే అచ్చును రూపొందించాడు. దానిని నేటికీ మన్సన్ అచ్చు అనే పిలుస్తారు. అన్నిటికన్న గొప్పది ఆయన పెట్టిన కొలత పద్ధతి. కూర్చొని ఉన్న మనిషి పాదం వేరు, వీపున మూట మోస్తూ నిలబడిన మనిషి పాదం వేరు, బరువు పడితే పాదం పొడవూ వెడల్పూ పెరుగుతాయి కనుక సిపాయి వీపున బరువు మోపి నిలబెట్టి కొలత తీయాలన్నాడు. మిరపకాయల టిక్కీ మోసే మనిషికి ఈ సూత్రం ఇంకెంత అవసరమో చెప్పనవసరం లేదు. మన దుకాణాలలో నేటికీ మనలను స్టూలు మీద కూర్చోబెట్టే చెప్పులు తొడుగుతారు.

మన దేశంలోకి ఈ బూటు సైన్యంతోనే వచ్చింది. కాన్పూరులో 1867 ప్రాంతంలో నెలకొల్పిన ప్రభుత్వ జీను, తోలు సామాను కర్మాగారం, ఆ తరువాత వెలసిన కూపర్ ఆలెన్ కంపెనీ సైన్యానికి బూట్లు కుట్టి పంపేవి. సైన్యం వాడినది లేసుల బూటే, అంటే బ్లూషర్ సంతతే. నా చిన్నతనంలో మా ఊరికి పోలీసులు వస్తే ముందు మేకులు కొట్టిన ఆ బూట్ల చప్పుడు వినబడేది, పిల్లలం ధాన్యపు గాదెల వెనుక దాక్కొనేవాళ్ళం. బూటు అంటే భయానికీ, అధికారానికీ గుర్తు. దర్బారులలో కూడా అంతే. 1854లో కంపెనీ ప్రభుత్వం బెంగాలు ప్రెసిడెన్సీలో ఐరోపా తరహా బూట్లు, మేజోళ్ళు ధరించిన భారతీయులు వాటితోనే సభలకు రావచ్చని అనుమతి ఇచ్చింది. దేశీయ చెప్పులవారు మాత్రం గుమ్మం బయట విడిచి రావలసిందే. బూటు కొనగలవాడు కాలికి తొడుగుతో నిలబడ్డాడు, కొనలేనివాడు నేలమీద నిలబడ్డాడు.

మన పల్లెల అవమానం ఇంతకన్న చేదైనది. మన రైతులు తొడిగినది కిర్రు చెప్పులు. గేదెతోలును తంగేడు చెక్కతో, కరక్కాయతో పదునుచేసి, దళసరి అట్టలు పేర్చి కుట్టేవారు. నడిస్తే కిర్రుకిర్రుమనేవి. కుట్టినవారు ఊరి మాదిగ కుటుంబాలవారు. మోటబావుల తోలు బొక్కెనలు, పశువుల పట్టెడలు, చెప్పులు అన్నీ వారి చేతి పనే. బదులుగా కళ్ళంలో మేర గింజలు దక్కేవి. అంతటి పనితనం గల ఆ చేతులవారు తమ చెప్పులను తామే తొడుక్కొని పెద్దకులాల వీధిలో నడవడానికి వీలులేని రోజులు మన జిల్లాలలో ఉండేవి, చేతిలో పట్టుకొని వీధి దాటవలసి వచ్చేది. ఒక వైద్యుడిగా నాకు ఇది కేవలం సాంఘిక విషయం కాదు. ఉత్త కాళ్ళతో నడిపించడమంటే కొక్కెపురుగునూ, ముల్లునూ, పామునూ ఒక కులం కాళ్ళకు కేటాయించడమే.

కొక్కెపురుగు సంగతి చూడండి. మలంతో కలుషితమైన తడి మట్టిలో దాని పిల్లలు ఉండి, పాదపు చర్మాన్ని తొలుచుకొని లోనికి పోయి, చివరకు ప్రేగులకు చేరి రక్తం పీలుస్తాయి. చర్మం గుండా పోతుందని 1890ల చివర ఈజిప్టులో లూస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు పొరపాటున తన చేతిమీద పడ్డ చుక్కతో కనుగొన్నాడు. 1920లలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషను వారు మన మద్రాసు ప్రెసిడెన్సీలో దీనిపై పనిచేశారు. ఇక ముల్లు. 1842లో మదురైలోని వైద్యుడు గిల్ ఒక వింత పాదవ్యాధిని వర్ణించాడు. ముల్లు గుచ్చుకొన్న చోట మట్టిలోని శిలీంధ్రం లేదా సూక్ష్మజీవి చేరి, సంవత్సరాల తరబడి పాదం వాచి, రంధ్రాలు పడి, రవ్వ గింజలవంటి పలుకులు బయటకు వస్తాయి. దానికి మదురా పాదం అని లోకమంతటా పేరు. తుమ్మముల్లు విరివిగా ఉన్న మన నేలలలో నా ఉద్యోగకాలంలో ఇటువంటి పాదాలను చూశాను. కొన్ని ఆలస్యంగా వచ్చినవి. మోకాలి కింద దాకా తీసివేయవలసి వచ్చింది. ఒక జత చెప్పులు అడ్డుకోగలిగిన వ్యాధి అది.

పాము గురించి చెప్పాలంటే విశాఖపట్నం వెళ్ళాలి. పాట్రిక్ రస్సెల్ అనే స్కాటు వైద్యుడు 1780లలో అక్కడ ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా ఉండి, తీరప్రాంతపు పాములను సేకరించి, 1796లో చిత్రాలతో పెద్ద గ్రంథం ప్రకటించాడు. మనం రక్తపింజర అనే పామును ప్రపంచం నేడు ఆయన పేరనే పిలుస్తున్నది. ఆయన మాత్రం స్థానికులు చెప్పిన 'కటుక రేకుల పొడ' అన్న తెలుగు పేరునే గ్రంథంలో వ్రాసుకున్నాడు. 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో మరణించినవారు సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా 58 వేలు. ఎక్కువ మరణాలు సంభవించే రాష్ట్రాలలో మనదీ ఒకటి. సగం మరణాలు జూన్ నుండి సెప్టెంబరు లోపలే. కాట్లలో అధికభాగం కాళ్ళమీదే. వేసవిలో నెర్రెలు విచ్చిన నల్లరేగడి, తొలకరికి ఆ నెర్రెలలో నీరు చేరి పాములు బయటకు రావడం రైతులకు నేను చెప్పవలసిన పని లేదు. పాదాన్నీ చీలమండనూ కప్పే దళసరి తోలు బూటు పాముకోరలకు పెద్ద అడ్డంకి. ఈ విషయంలో మాత్రం రెండు తరహాలలో ఏది ఎత్తుగా ఉంటే అదే మేలు. (కాటు పడితే తాడు బిగించకండి, కోయకండి, కాలు కదపనీయకుండా విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి. ఎన్నిసార్లు వ్రాసినా మళ్ళీ వ్రాస్తాను.)

"మరి గంబూట్లు ఉన్నాయి కదా, తోలుబూటు గొడవ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. గంబూటు కూడా వెల్లింగ్టన్ మనుమడే. గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచే విధానానికి 1844లో హక్కు పొందితే, ఆ విధానాన్ని పాదరక్షలకు వాడే హక్కు కొని, 1853లో హచిన్‌సన్ ఫ్రాన్సులో రబ్బరు బూట్ల కర్మాగారం పెట్టాడు. చెక్కచెప్పులతో బురదలో దిగే అక్కడి రైతులకు అది వరమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల నీటిలో నిలిచి సిపాయిల పాదాలు కుళ్ళిపోతుంటే, ఎడింబరోలోని ఒక కంపెనీ పది లక్షలకు పైగా జతలు తయారుచేసి పంపింది. అయితే రబ్బరు లోపలి చెమటను బయటికి పోనివ్వదు. రెంటచింతల ఎండలు తెలిసినవారికి వివరించనక్కరలేదు. రెండు గంటలు వరిచేలో నీరు కట్టడానికి గంబూటు మంచిదే. 1967లో సాగరు కుడికాలువకు నీళ్ళు వదిలిన తరువాత మన పడమటి మెట్టలకు ఆ అవసరమూ వచ్చింది. కానీ రోజంతా పత్తిచేలో తిరగడానికి తోలే మేలు.

తోలులోనూ ఒక మెలిక ఉంది. క్రోమియం లవణాలతో పదునుచేసే పద్ధతిని మద్రాసులో 1903 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మొదలుపెట్టాడు. ఆయన ముఖ్యోద్దేశాలలో ఒకటి నీళ్ళలో త్వరగా కుళ్ళని మోట బొక్కెనలు. నేటి బూట్లలో అధికభాగం ఆ క్రోము తోలువే. కొద్దిమందికి ఈ క్రోమియం పడదు. పాదం పైభాగాన దురద, రసి కారడం మొదలవుతుంది. గజ్జి అని ఏళ్ళ తరబడి మందులు పూసుకొంటూ ఉంటారు. బూటు ఆనిన చోటనే వస్తున్నదేమో ఒకసారి గమనించండి.

ఇప్పుడు మా రైతుగారి పాదం దగ్గరకు వద్దాం. కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగుతో అరికాలిని పదిచోట్ల తాకాను. ఆరుచోట్ల ఆయనకు తెలియలేదు. "తాకారా?" అని అడిగారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఆ పాతకాలపు చిటికెన వ్రేలు గుర్తుకు వచ్చింది.

స్పర్శ లేని పాదం గురించి మనకు ఎక్కువ నేర్పినవాడు పాల్ బ్రాండ్. 1946 నుండి వేలూరులో పనిచేసిన శస్త్రవైద్యుడు. కుష్ఠురోగుల వ్రేళ్ళు వ్యాధి తినివేసినందువల్ల పోవడం లేదు, నొప్పి తెలియక దెబ్బలు, ఒత్తిడి నిర్లక్ష్యమైనందువల్ల పోతున్నాయి అని ఆయన నిరూపించాడు. మెత్తని సూక్ష్మరంధ్రాల రబ్బరు అట్టతో చెప్పులు ఆ కృషి నుండి వచ్చినవే. చక్కెర వ్యాధి పాదానికీ అదే సూత్రం వర్తిస్తుంది.

దూర్చుకొనే బూటులో చిక్కు ఏమిటంటే, దానిని కాలిమీద నిలిపి ఉంచేది పాదపు వంపు మీద పడే బిగువు ఒక్కటే. బిగువు చాలకపోతే మడమ లోపల జారి ఒరుసుకుంటుంది. మన నల్లరేగడి బంకలో అయితే కాలు పైకి వస్తుంది, బూటు అక్కడే ఉంటుంది. బిగువు సరిపోతే, సాయంత్రానికి పాదం ఉబ్బినప్పుడు అదే బిగువు ఎక్కువై రక్తప్రసరణను నొక్కుతుంది. నొప్పి తెలిసిన మనిషి విప్పి పారవేస్తాడు. తెలియని మనిషి హాయిగా ఉందనుకొంటాడు. "హాయిగా ఉంది" అన్న ఆయన మాటే నన్ను భయపెట్టినది. లేసుల బూటు అయితే ఉదయం బిగించి, మధ్యాహ్నం ఒక మెట్టు సడలించవచ్చు. లోపల మెత్తని అట్ట వేయడానికి చోటు ఉంటుంది. రెక్కలు పూర్తిగా విప్పి, చేయి లోపల పెట్టి రాయి, మేకు, తేలు ఉన్నవేమో తడిమి చూడవచ్చు.

నడుము బాగుండి, చక్కెర లేక, స్పర్శ నిలిచిన పాదం గలవారు, పెళ్ళికో ఆఫీసుకో దూర్చుకొనే బూటు నిశ్చింతగా వేసుకోవచ్చు. దానిమీద నాకు పగ లేదు. నా మనుమడు అదే వేసుకుంటాడు.

రైతుగారికి లేసుల జతే వ్రాసి ఇచ్చాను, మందుచీటీ మీదనే. సాయంత్రం పూట మేజోళ్ళతో నిలబెట్టి చూస్తే పొడుగాటి వ్రేలికి ముందు బొటనవ్రేలి వెడల్పు ఖాళీ ఉన్నది. మొదటి వారం రోజుకు గంటసేపే వేసుకొని, విప్పిన ప్రతిసారీ అద్దంలో అరికాలు చూసుకోమన్నాను. ఎర్రబడితే వెంటనే రమ్మన్నాను. వంగలేని ఇబ్బందికి గోరంటి పీటవంటి ఒక ఎత్తుపీట మీద కాలు పెట్టి కట్టుకోవచ్చునని చూపించాను. ఆయన అంత సంతోషించలేదు. "కొడుకు అడిగితే రెండోది ఏం చేశానని చెప్పను?" అన్నారు.

ఈ ఆషాఢంలో మళ్ళీ వచ్చారు. బూట్ల ముందుభాగమంతా నల్లమట్టి ఎండి పగుళ్ళు తీసింది, తోలుకు నూనె రాయలేదని మందలించాను. పాదాలు శుభ్రంగా ఉన్నాయి. లేసులు ఉదయం భార్య కడుతున్నదట, మధ్యాహ్నం సడలించడం ఆయనే చేసుకుంటున్నారట. రెండో జత ఇంకా పెట్టెలోనే అటకమీద ఉన్నది.